లోడింగ్ తేదీ ముందుకు జరిగిందని ఆంగ్లంలో ఎలా రాయాలి?

చీమకుర్తిలోని ఒక గ్రానైట్ కార్యాలయంలో విదేశీ కొనుగోలుదారులకు ఉత్తరాలు రాసే పని నాది. గెలాక్సీ రకం నల్ల గ్రానైట్ పలకల కంటైనర్ లోడింగ్ 18వ తేదీ నుంచి 14వ తేదీకి మారిందని అమెరికాలోని కొనుగోలుదారుకు రేపు సాయంత్రంలోగా మెయిల్ పంపాలి. "వుయ్ హావ్ ప్రీపోన్డ్ ది లోడింగ్" అని రాయగా, కంప్యూటర్ "ప్రీపోన్డ్" అన్న మాట కింద ఎర్రగీత గీసింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో వెతికితే మాట ఉంది గానీ, అది భారతీయ ఆంగ్ల ప్రయోగమని పక్కనే గుర్తు పెట్టారు.

దాని బదులు "అడ్వాన్స్‌డ్" అని మార్చాను; మా అకౌంటెంటు అది చదివి, అడ్వాన్సు సొమ్ము సంగతేమో అనుకున్నారు. "మూవ్డ్ ఫార్వర్డ్" అంటే కొందరు తేదీ ముందుకు వచ్చిందనీ, మరికొందరు వెనక్కి పోయిందనీ అర్థం చేసుకుంటారని ఒంగోలులో ఆంగ్లం బోధించే ఒక అధ్యాపకుడు హెచ్చరించారు. (వాయిదాకు వ్యతిరేకమైన మాట మనకూ ఒక్క ముక్కలో దొరకదు కదా!) ఆయనే "బ్రాట్ ఫార్వర్డ్" సూచించారు గానీ, అది బ్రిటిష్ వారి వాడుకనీ, అమెరికన్లు "మూవ్డ్ అప్" అంటారనీ కూడా చెప్పడంతో మళ్లీ సందేహంలో పడ్డాను. నాలుగు రోజుల తేడా పొరపాటుగా అర్థమైతే అవతలివారి ఏర్పాట్లన్నీ తారుమారవుతాయి.

"వుయ్ హావ్ మూవ్డ్ అప్ ది లోడింగ్ డేట్ ఫ్రమ్ మార్చ్ 18 టు మార్చ్ 14" అన్న వాక్యం, అమెరికన్ పాఠకుడికి వ్యాపార లేఖలో సహజంగా, తగినంత మర్యాదగా అనిపిస్తుందా?