గుండు తలకు నల్ల జీలకర్ర నూనె: పెట్టాలా, వద్దా?

అలిపిరి మెట్లు:
తలనీలాలు ఇచ్చి కొండ దిగినవాళ్ళకు అందరూ చెప్పేది ఒకటే. గుండు మీద గంధం పూసుకో, రెండో రోజు నుంచి నల్ల జీలకర్ర నూనె రుద్దు, జుట్టు ఒత్తుగా మొలుస్తుంది అని. ఇందులో నిజమెంత? నూనెను నేరుగా పెట్టాలా, దేంట్లోనైనా కలపాలా? గానుగ ఆడించింది మంచిదా, ఇంట్లో కాచింది మంచిదా? తెలిసినవాళ్ళు కొలతలతో సహా చెప్పండి.

గానుగపట్టె:
నూనె కంటే ముందు గింజ సంగతి తేల్చుకోవాలి, సగం తప్పులు అక్కడే జరుగుతున్నాయి. అంగట్లో ‘నల్ల జీలకర్ర’ అని అడిగితే కొందరు సాజీర కట్టిస్తారు. అది బిరియానీలో వేసేది, సన్నగా పొడుగ్గా వంపు తిరిగి గోధుమ రంగులో ఉంటుంది. మనకు కావాల్సింది కలోంజి. చిత్తూరు వైపు అంగళ్ళలో ‘కరుంజీరగం’ అంటే సరిగ్గా అదే ఇస్తారు. ఇది మెరుపు లేని నలుపు, గింజకు మూడు అంచులుంటాయి, గోటితో చీలిస్తే లోపల తెల్లగా జిడ్డుగా ఉంటుంది. ఉల్లి విత్తనం కూడా నల్లగా అంచులతోనే ఉంటుంది కాబట్టి కంటిని నమ్మకండి. నాలుగు గింజలు అరచేతిలో గట్టిగా నలపండి. వాము, మిరియం కలిసినట్టు ఘాటు కొడితే కలోంజి.

చెక్క గానుగలో ఆడిస్తే కిలోకు పావు కిలో నుంచి 300 గ్రాముల నూనె వస్తుంది. మన దగ్గర గానుగలన్నీ చెనక్కాయలకు, నువ్వులకు పెట్టినవి. ఆ రోలులో కిలో గింజలు వేస్తే రోకలికి అందవు, నూనె రాదు. నలుగురు కలిసి ఒక దఫాకు సరిపడా ఇవ్వండి. ముందు ఆడిన చెనక్కాయ చెక్క రోలు అడుగున అంటుకొని ఉంటుంది, అది గోకించాకే గింజలు పోయించండి. లేదంటే మొదట దిగే నూనె కల్తీయే. దిగిన నూనెను నాలుగు రోజులు కదపకుండా ఉంచి పైతేట మాత్రమే వంచుకోవాలి. అడుగు మడ్డి, తడి అలాగే ఉంటే త్వరగా కనరు వాసన పడుతుంది. ముదురు గోధుమ రంగు సీసాలో మెడ దాకా నింపి ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు నెలల్లో వాడేయాలి. తిరుపతి ఎండాకాలంలో కిటికీ పక్కన పెట్టిన నూనె మీద ఆశ వదులుకోవాల్సిందే.

తలకు నేరుగా రాసినా తప్పు లేదనే నా మాట.

తెల్లకోటు:
చివరి వాక్యం తప్పు, గానుగపట్టె అన్నా. మిగతాదంతా సరే.

గుండు గీసిన తల మామూలు చర్మం కాదు. బ్లేడు పైపొరను కూడా గీకుతుంది, కంటికి కనిపించని గాట్లు పడతాయి. ఈ నూనెలో ఘాటుకు మూలం థైమోక్వినోన్. ఈ నూనె రాసుకున్న కొందరికి స్పర్శ అలర్జీ వచ్చిందని వైద్య పత్రికల్లో నమోదైంది. గాట్ల మీద నేరుగా రాస్తే మంట, ఎర్రటి పొక్కులు, రసి. అప్పుడు ‘వేడి చేసింది’ అనుకుని దాని మీద ఇంకోటి పూస్తారు.

ఇక ఒత్తుగా మొలవడం. వెంట్రుక పుట్టే కుదురు చర్మం లోపల మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, బ్లేడు దాని దరిదాపులకు పోదు. కుదుళ్ళ లెక్క గుండుతో పెరగదు. సహజంగా మొలిచిన వెంట్రుక కొన సన్నగా ఉంటుంది, గీసినది మొద్దుగా తెగుతుంది. ఆ మొద్దు కొనలు అరచేతికి గరుకుగా తగిలితే మందంగా వచ్చిందనుకుంటాం. నూనె రాసినా రాయకపోయినా నెలకు ఒక సెంటీమీటరు అటూఇటూగానే పెరుగుతుంది.

ఈ నూనెతో జుట్టు రాలడం ఆగింది అనేవాళ్ళకు ఇంకో మాట. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. గుండు తర్వాతా రాలుతూనే ఉంటాయి, కాకపోతే రెండు మిల్లీమీటర్ల ముక్క దువ్వెనలో కనబడదు. జ్వరం, కాన్పు తర్వాత రెండు మూడు నెలలకు మొదలయ్యే రాలుడు చాలామందికి ఆరు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ ఆరు నెలలూ ఏ నూనె వాడి ఉంటే పేరు దానికి పోతుంది.

కపిలతీర్థం వీధి:
మీ ఇద్దరూ గానుగ నూనె దగ్గరే ఆగారు. ఆయుర్వేదంలో ఈ గింజను ఉపకుంచిక అంటారు, ఉష్ణవీర్యం, అంటే వేడి చేసే గుణం ఉన్నది. అందుకే ఒట్టిగా కాక, నువ్వుల నూనెలో తైలపాకం చేసి వాడటం మేలు. లెక్క: కల్కం ఒక వంతు, నూనె నాలుగు వంతులు, ద్రవం పదహారు వంతులు. అంటే 25 గ్రాముల గింజలు నీళ్ళతో మెత్తగా నూరిన ముద్ద, 100 మిల్లీలీటర్ల నువ్వుల నూనె, 400 మిల్లీలీటర్ల గుంటగలగర రసం. సన్నటి సెగ మీద కలుపుతూనే ఉండాలి. నూనెలో నురగ లేచాక కొంచెం ముద్ద తీసి వేళ్ళ మధ్య నలిపితే వత్తిలా సాగాలి, ఆ వత్తిని మంటలో పెడితే చిటపటమనకూడదు. చిటపటమంటే తడి మిగిలిందని అర్థం, అలాంటి తైలం పాడైపోతుంది. ఇంట్లో కాచేవాళ్ళ నూనె చాలావరకు ఇక్కడే చెడుతుంది, పచ్చి మందారాకు వేసి పావుగంటకే దించేస్తారు.

గానుగపట్టె:
కపిలతీర్థం గారూ, పాకం లక్షణాలు చక్కగా చెప్పారు. కానీ థైమోక్వినోన్ ఆవిరయ్యే గుణం ఉన్నది. కాస్తున్నప్పుడు వీధి చివరి దాకా వచ్చే ఆ ఘాటు వాసన ఏమిటి? మనం పోగొట్టుకుంటున్న సరుకే కదా. గంటల తరబడి మరిగించాక మిగిలేది ఎక్కువగా నువ్వుల నూనె గుణమే.

కపిలతీర్థం వీధి:
ఘాటు తగ్గుతుందన్నది ఒప్పుకుంటాను. పుండు పడే తలకు ఆ ఘాటు తగ్గడమే మేలు కదా అని నా వాదన. ఆ ఘాటు పూర్తిగా కావాలనుకుంటే మీ గానుగ నూనెనే, కాచకుండా, కొబ్బరి నూనెలో కలుపుకోవాలి.

తెల్లకోటు:
ఆ కలిపే కొలత ఇదిగో. తలకు: 45 మిల్లీలీటర్ల కొబ్బరి నూనెలో 5 మిల్లీలీటర్ల నల్ల జీలకర్ర నూనె, అంటే పదో వంతు. ముఖానికి దాంట్లో సగం చాలు, కంటి చుట్టూ వద్దు. ముందు మోచేతి మడతలో రూపాయి బిళ్ళంత మేర రోజుకు రెండుసార్లు, వారం రోజులు రాసి చూడండి. ఒక్క రోజు చూసి బాగుందనుకోవద్దు, అలర్జీ రెండు నుంచి నాలుగు రోజులకు బయటపడుతుంది. తలకు మొదలుపెట్టేది గాట్లు పూర్తిగా ఆరాకే, ఐదారు రోజుల తర్వాత. ఎండిన గంధం పెచ్చులు గోరువెచ్చటి నీళ్ళతో నానబెట్టి కడగాలి. వాటి మీదే నూనె పూస్తే పెచ్చు కట్టి కింద చెమట పొక్కులు లేస్తాయి. ఎండకు నూనె అడ్డం కాదు, పలచటి నూలు గుడ్డో టోపీయో కావాలి.

చుండ్రు ఉన్నవాళ్ళు వేరు. మలసీజియా అనే బూజు మన నూనెల్లోని కొవ్వు ఆమ్లాలు తినే బతుకుతుంది. ప్రయోగశాలలో థైమోక్వినోన్ బూజులను అణిచినా, రాత్రంతా నూనె పట్టించి పడుకుంటే దానికి భోజనం పెట్టినట్టే. వాళ్ళకు కీటోకోనజోల్ 2 శాతం షాంపూ, వారానికి రెండుసార్లు, ఐదు నిమిషాలు ఉంచి కడగడం, నాలుగు వారాలు.

గానుగపట్టె:
నేరుగా రాయొచ్చన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, గుండు తల విషయంలో. చుండ్రు లేని, పొడిబారిన తలకు పదో వంతు నూనె గంట సేపు ఉంచి కడిగితే చర్మం మెత్తబడుతుంది, దురద తగ్గుతుంది. నల్ల జీలకర్ర నూనెలో సగానికి పైగా లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లమే, ఆ మేలు నిజమైనదే.

అలిపిరి మెట్లు:
పుట్టెంట్రుకలు తీయించిన పసిబిడ్డకు?

తెల్లకోటు:
వద్దు, పదో వంతైనా వద్దు. తల తడవనిచ్చి మెత్తటి గుడ్డతో అద్దండి, గాట్లు ఆరాక ఒట్టి కొబ్బరి నూనె నాలుగు చుక్కలు. పసివాళ్ళ వెంట్రుక మొదట సన్నగానే ఉండి వయసుతో మందమవుతుంది, గుండు కొట్టినా కొట్టకపోయినా. ఎర్రబడి రసి కారితే నూనె ఆపి చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి.