త్రాసమా, త్రాసా? వజ్రదోషానికి ఒక పాత మాట

అర్ధవాహకుడు: వజ్రంలోని నైట్రోజన్-ఖాళీ కేంద్రాన్ని గురించి తెలుగులో వ్యాసం రాస్తూ ‘డిఫెక్ట్’ దగ్గర ఆగిపోయాను. ‘లోపం’ అంటే ఏదో కొరవడిందని మాత్రమే తోస్తుంది; ఇక్కడ ఒక కార్బన్ స్థానంలో నైట్రోజన్ వచ్చి చేరుతుంది, దాని పక్క స్థానం ఖాళీగా ఉంటుంది. మా తాతగారు చదివే పద్యంలో ‘త్రాసమున్న మణి’ అనో ‘త్రాసున నున్న మణి’ అనో ఒక ముక్క ఉండేది. అది మణిదోషమా, తూకమా?

ఛందోప్రియుడు: ఆటవెలది అయినా తేటగీతి అయినా ‘త్రాసమున్న’ అనే పాఠమే నిలుస్తుంది. ‘త్రాసు’ హగణం (గురువు, లఘువు) కాగా, తరువాతి ‘న నున్న’ లఘువు, గురువుగా మొదలవుతుంది. అటువంటి గణం సూర్యగణాలలోనూ లేదు, ఇంద్రగణాలలోనూ లేదు. పైగా త్రాసానికి భయమనీ మణిదోషమనీ రెండర్థాలున్నాయి కనుక, త్రాసం లేదని రాజునూ రత్నాన్నీ ఒక్క విశేషణంతో పొగడవచ్చు. హరిశ్చంద్ర నలుల కథలను ఒకే కావ్యంలో నడిపిన రామరాజభూషణుడికి ఇటువంటివి చిటికెలో పని.

నిఘంటుసేవి: ఆ ముక్క పాదాదిలోనే ఉందని ఎవరు చెప్పారండీ? ముందరి గణం ‘త్రా’తో ముగిస్తే ‘సున నున్న’ నిక్షేపమైన సలం, ఇంద్రగణమే. రత్నశాస్త్రం వజ్రానికి చెప్పే దోషాలు మలం, బిందువు, యవం, రేఖ, కాకపదం. వాటిలో త్రాసం లేదు. కాబట్టి నా ఓటు తూకానికే.

ఆవలిగట్టు: ప్రయోగశాలలో ఈ దోషమే త్రాసు కనుక నాకు రెండు పాఠాలూ సమ్మతమే. ఆకుపచ్చ లేజర్ పడితే ఈ కేంద్రం ఎర్రగా వెలుగుతుంది, 2.87 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ తగిలి ఎలక్ట్రాన్ స్పిన్ (ఎలక్ట్రాన్‌ను చిన్న అయస్కాంతంలా చేసే సహజగుణం) సున్నా స్థితి నుంచి తప్పుకోగానే ఆ వెలుగు తగ్గుతుంది. అయస్కాంత క్షేత్రం తోడైతే ఆ పౌనఃపున్యం రెండుగా చీలి, ఒక్కొక్కటీ మిల్లీటెస్లాకు సుమారు 28 మెగాహెర్ట్జ్ చొప్పున అటూ ఇటూ జరుగుతుంది; ఆ జరుగుదలే క్షేత్రానికి తూకం. కేంద్రం ఉపరితలానికి కొన్ని నానోమీటర్ల లోతులోనే ఉంటే, పైన పెట్టిన అణువుల క్షేత్రం కూడా అందుతుంది. 2013లో నానోవజ్రాలను బతికున్న కణంలోకి పంపి ఉష్ణోగ్రత కొలిచింది కూడా ఈ స్పిన్‌తోనే.

నిఘంటుసేవి: ‘స్పిన్’ ఎందుకండీ, ‘ఆత్మభ్రమణం’ ఉండగా?

ఆవలిగట్టు: ఎలక్ట్రాన్ బొంగరంలా తిరగదు కనుక ఆ మాటలో ‘భ్రమ’ ఒక్కటే మిగులుతుంది. అసలు సంగతికి వస్తే, నైట్రోజన్ దాదాపు లేని శుద్ధమైన వజ్రాలకు గోల్కొండ పేరే స్థిరపడింది. ఇప్పుడు అంత శుద్ధమైన స్ఫటికాన్ని ప్రయోగశాలలో పెంచి, కోరి నైట్రోజన్ చొప్పించి, ఖాళీలు జరిగి దాని పక్కకు చేరేలా 800 డిగ్రీలు, ఆపైన కాలుస్తున్నారు. కోరి తెచ్చుకున్నదాన్ని ‘దోషం’ అనడానికి నాకు మనసొప్పదు.

ఛందోప్రియుడు: అయితే ‘త్రాసం’ అనండి, ఆ అర్థం ఎలాగూ అందరూ మరిచిపోయారు.

అర్ధవాహకుడు: మా పిన్నిగారికి ఫోన్ చేశాను. ఆవిడ తడుముకోకుండా ‘త్రాసమున నున్న మణి’ అని చదివారు. ఛందోప్రియులు గారూ, దీన్ని ఎక్కడ విరవమంటారు?