పాల పుట్టగొడుగులకు పైమట్టిగా ఒండ్రు పనికొస్తుందా?

రాజమండ్రిలో అపార్టుమెంటు ఉమ్మడి తోటండి, రేకుల షెడ్డు. మధ్యాహ్నం 33 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ముత్యపు చిప్ప రకం కాకుండా పాల పుట్టగొడుగులే పెట్టాం. దాళ్వా (రెండో పంట) వరిగడ్డి రెండంగుళాల ముక్కలు, 80 డిగ్రీల నీళ్లలో గంట, పిడికిట బిగిస్తే చుక్క రాలనంత ఆరబెట్టి, మూడు కిలోల తడిగడ్డికి 120 గ్రాముల విత్తనం. సంచంతా బూజు తెల్లగా పాకింది, అక్కడిదాకా బాగానే ఉంది.

చిక్కంతా పైమట్టిదే, అంటే బూజు పాకిన గడ్డి మీద మొగ్గలు రావడానికి కప్పే మట్టి పొరదే. గోదావరి ఒండ్రు, ఇసుక సమంగా కలిపి, సుద్దపొడితో పీహెచ్ 8కి తెచ్చి, ఆవిరి పట్టి అంగుళం మందాన వేశాం. నీళ్లు చల్లాక ఆరేసరికి అట్టకట్టి పగుళ్లిస్తోంది. మొగ్గలు ఆ పగుళ్ల అంచుల్లోనే గుత్తులుగా లేచి, ఆవగింజంత ఉండగానే పసుపెక్కి ఎండిపోతున్నాయి. ఇసుక పెంచాలా, కొబ్బరిపొట్టు కలపాలా? కోనసీమ పొట్టయితే ఉప్పు పోయేలా ఎన్ని నీళ్లు మార్చి కడగాలి? గాలి తగ్గించమనకండి, గోనెపట్టాలు ఇప్పటికే కట్టాం.