చంటిపిల్లతో బ్యాడ్‌ల్యాండ్స్: లాంగ్ వీకెండ్‌లో అయ్యే పనేనా?

చలిదేశపు అమ్మ
అందరికీ నమస్కారం. మేం మినియాపొలిస్‌లో ఉంటాం. పాపకి ఏడాదిన్నర దాటింది, నడక లేదు, అంతా పరుగే. అత్తయ్యగారు, మామయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. లేబర్ డే సెలవుకి ముందు శుక్రవారం కలుపుకుని సౌత్ డకోటాలో బ్యాడ్‌ల్యాండ్స్ నేషనల్ పార్కు చూద్దామని నేను. "ఎనిమిది గంటలు బండి తోలి మా నాన్నకి మట్టిగుట్టలు చూపిస్తావా" అని మా ఆయన. పాప కార్‌సీట్‌లో గంట దాటితే గగ్గోలు పెడుతుంది. వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి. కొండకి నలుగురు అమెరికా అధ్యక్షుల తలలు చెక్కిన మౌంట్ రష్‌మోర్ కూడా కలపొచ్చా?

సూఫాల్స్ శీను
మా ఊరి మీదుగానే వెళ్ళాలి కాబట్టి ముందు దారి సంగతి చెప్తాను. ఎనిమిది గంటలూ ఒకే రోజు పెట్టుకోకండి. శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరి మన్‌కేటో, వర్దింగ్టన్ మీదుగా సూఫాల్స్ వచ్చి పడుకోండి, నాలుగు గంటల దారి. ఊళ్ళో ఫాల్స్ పార్క్ ఉంది. బిగ్ సూ నది గులాబీ రంగు రాళ్ళ మీంచి దూకుతుంది. పాపకి కాళ్ళు సాగుతాయి గానీ రాళ్ళు నున్నగా ఉంటాయి, చెయ్యి మాత్రం వదలొద్దు.

పొద్దున ఐ-90 హైవే ఎక్కాక లెక్క తేలిక. ఇక్కడ ఎగ్జిట్ నంబరంటే రాష్ట్రం పడమటి సరిహద్దు నుంచి ఎన్ని మైళ్ళో అది. మేం 396 దగ్గర, మీరు దిగాల్సింది 131 దగ్గర. అంటే 265 మైళ్ళు. స్పీడ్ లిమిట్ 80. సరిగ్గా సగం దారిలో చాంబర్లిన్ దగ్గర, మిస్సోరీ నది పైన గుట్ట మీద రెస్ట్ ఏరియా ఉంది, తప్పకుండా ఆగండి. 2016లో పెట్టిన 'డిగ్నిటీ' విగ్రహం అక్కడే. యాభై అడుగుల ఆదివాసీ స్త్రీ, భుజాల మీద నక్షత్రాల దుప్పటి. ఆ దుప్పటిలోని నీలం పలకలు గాలికి ఆడుతుంటాయి. మావాడు వాటినే చూస్తూ గిన్నెడు పెరుగన్నం మారు మాట్లాడకుండా తినేశాడు.

ఇంకో సంగతి. మర్డో దాటాక మౌంటెన్ టైమ్ వస్తుంది, గడియారం గంట వెనక్కి వెళ్తుంది. పాప కడుపుకీ నిద్రకీ ఆ విషయం తెలీదు. తెల్లారకుండానే లేచి కూర్చుంటుంది. పోట్లాడకండి, ఎత్తుకుని సూర్యోదయానికి వెళ్ళిపోండి. ఎండ ముదరకముందు గంటన్నర మీదే.

ఓరుగల్లు పోరడు
మేం ఒమాహా కెల్లి పోయినం, మా బిడ్డకు రెండేండ్లు అప్పుడు. మీ సారు మట్టిగుట్టలు అన్నడంటే తప్పేం లేదు, ఫొటోలల్ల గట్లనే కొడ్తది. పార్కు లోపలికి పోంగనే బిగ్ బ్యాడ్‌ల్యాండ్స్ ఓవర్‌లుక్ దగ్గర దించుండ్రి సారును. గడ్డిమైదానం పోయి పోయి ఒక్కసారిగా తెగిపోతది, కింద అంత చారలు చారల గుట్టలే. ఏడాదికి ఇంచు చొప్పున కరుగుతున్నయని బోర్డు మీద రాసిండ్రు. మా బాపు అది చదివి "మరి మనం జల్ది జల్ది చూడాలె" అన్నడు.

పిల్లల కోసం రెండు జాగలు. ఫాసిల్ ఎగ్జిబిట్ ట్రెయిల్, విండో ట్రెయిల్. రెండూ పావు మైలు, మొత్తం చెక్కల బాటనే, స్ట్రోలర్ పోతది. మొదటి దాంట్ల శిలాజాల నకళ్ళు పెట్టిండ్రు, ముట్టుకోనిస్తరు. డోర్ ట్రెయిల్ షురువుల చెక్కలుంటయి, అవి అయిపోయినంక ఎగుడుదిగుడు, అంచులకు కంచె లేదు. ఆడికెల్లి ఎన్కకు తిరుగుండ్రి. నాచ్ ట్రెయిల్ దిక్కు మాత్రం చూడొద్దు. దుంగలతోని చేసిన నిచ్చెన ఎక్కాలె, ఎక్కినంక బాట లోయ అంచున్నే పోతది.

గాలి సంగతి ఎవ్వలు చెప్పరు, నేను చెప్తున్న. కారు డోరు తెరిస్తే చేతుల నుంచి గుంజుకుంటది. పిల్లను దించేటప్పుడు ఒకరు డోరు పట్టుకోవాలె, ఇంకొకరు పిల్లను పట్టుకోవాలె. లేకుంటే వేళ్ళు నలుగుతయి. టోపీకి గదుమ కింద తాడు ఉండాలె.

రాత్రి బండి
ఇంత ప్లాన్ ఎందుకండీ? రాత్రి తొమ్మిదికి పిల్లని కార్‌సీట్‌లో వేసి బయల్దేరితే తెల్లారేసరికి అక్కడుంటారు. ఏడుపూ ఉండదు, హోటల్ ఖర్చూ ఉండదు. మేం షికాగో నుంచి ఎక్కడికైనా అలాగే వెళ్తాం.

సూఫాల్స్ శీను
అన్నా, షికాగో చుట్టుపక్కల వేరు. ఇక్కడ చీకటి పడితే రోడ్డు మీదకి జింకలొస్తాయి. ఎనభైలో వెళ్తుంటే లైట్ల వెలుగులో కనపడేసరికే దగ్గరపడిపోతుంది. ఎగ్జిట్ల మధ్య కొన్నిచోట్ల పది మైళ్ళు ఒక్క దీపం ఉండదు. పైగా రాత్రంతా మేలుకుని నడిపిన తండ్రికి పొద్దున పిల్ల ఫ్రెష్‌గా దొరుకుతుంది. ఆ రోజు ఎవరు చూసుకుంటారు?

రాత్రి బండి
అదీ నిజమే. మా ఇంట్లో ఆ డ్యూటీ మా అత్తగారిది 🙂

పండుమిర్చి
తిండి విషయం. శాకాహారులైతే పార్కు దగ్గర ఆశలు పెట్టుకోకండి. మేం చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్, బియ్యం, కందిపొడి, నెయ్యి, ఊరగాయ పట్టుకెళ్ళాం. మొదటి రోజుకి పులిహోర, రెండో రోజుకి చపాతీలు, బెల్లం. పెరుగు మాత్రం కూలర్‌లో. సెప్టెంబరు మొదట్లో కూడా ఎండ మండిపోతుంది, ఎక్కడా చెట్టు నీడ ఉండదు. ఆ పార్కులో 116 ఫారెన్‌హీట్ దాకా వెళ్ళిన రోజులున్నాయి. మంచినీళ్ళు గ్యాలన్ల లెక్కన డిక్కీలో ఉండాలి. పార్కు లోపల పెట్రోలు దొరకదు, కడోకాలోనో వాల్‌లోనో నింపుకోండి.

బస వాల్ ఊళ్ళో పెట్టుకుంటే నయం. మేం దిగిన మోటెల్‌లో ఫోన్‌లో ఇస్తామని ఒప్పుకున్న క్రిబ్ (పిల్లల మంచం) తీరా వెళ్ళాక లేదన్నారు. అందుకని మడత మంచం మీరే ఒకటి తీసుకెళ్ళండి.

వాల్ డ్రగ్ అనే పెద్ద కొట్టుంది. 1931లో ఒక మందుల షాపుగా మొదలై, దారిన పోయేవాళ్ళకి ఉచితంగా చల్లటి నీళ్ళిస్తామని బోర్డులు పెట్టి పెరిగింది. ఇప్పటికీ కాఫీ ఐదు సెంట్లే. మా అమ్మ ఆ ఐదు సెంట్ల కాఫీ తాగి, దానికి అంతకంటే ఇవ్వక్కర్లేదని తేల్చేసింది. వెనక పెరట్లో డైనోసార్ బొమ్మ ఉండుండి గర్జిస్తుంది, మా చిన్నది జడుసుకుంది. ముందే దూరం నుంచి చూపించండి.

పెన్నా ఒడ్డు
బైసన్ల గురించి ఎవరూ రాయలేదే! పినకిల్స్ ఓవర్‌లుక్ దాటాక సేజ్ క్రీక్ రిమ్ రోడ్ అని కంకర రోడ్డు వస్తుంది. అడవిదున్నలు ఎక్కువగా ఆ పక్కనే. కారులోంచే చూడండి. వంద గజాల దూరం ఉండాలని రూలు. సాధువుల్లా నిలబడి మేస్తుంటాయి కదా అని దిగేరు, మనిషికంటే ఎంతో వేగంగా పరిగెత్తుతాయి. తోక పైకి లేపిందంటే చిరాకులో ఉందన్నమాట. వాన పడితే ఆ రోడ్డు పట్టొద్దు, అక్కడి బంకమట్టికి టైర్లు జారతాయి.

అదే రోడ్డులో రాబర్ట్స్ ప్రెయిరీ డాగ్ టౌన్ ఉంది. పేరుకి కుక్కలు గానీ ఉడుత జాతివి. బొరియ మీద నిక్కి నిలబడి కీచుమని అరుస్తాయి. మావాడికి రష్‌మోర్ తలకాయలు నలుగురూ కలిసి ఇవ్వని సంతోషం ఇవి ఇచ్చాయి. మేత వెయ్యకూడదు, దగ్గరికి పోనివ్వకూడదు. వాటి ఒంటి మీద గెంతే ఫ్లీ అనే చిన్న పురుగుల వల్ల ప్లేగు వచ్చే అవకాశం ఉంది. గడ్డిలో ప్రెయిరీ రాటిల్ పాములు కూడా ఉంటాయి, పిల్లకి చెప్పులు కాదు, బూట్లు వెయ్యండి.

రష్‌మోర్ సంగతి: వాల్ నుంచి ర్యాపిడ్ సిటీ యాభై మైళ్ళు, అక్కడి నుంచి ఇంకో అరగంట పైన. మీకున్న రోజుల్లో కలపొచ్చు, కానీ పాప మధ్యాహ్నపు నిద్ర చెడుతుంది, మీ ఓపిక కూడా దాంతోపాటే. నేనైతే వదిలేస్తా.

ఓరుగల్లు పోరడు
పెద్దమనుషుల కోసం ఇంకొకటి. 116 ఎగ్జిట్ పక్కన డెల్టా-09. అణు క్షిపణి పెట్టిన బావి, పైన అద్దం మూత, లోపల మినిట్‌మన్ క్షిపణి నిలబెట్టి ఉంటది. టికెట్ లేదు. గడ్డి నడుమ ఒక కంచె, అంతే. మా బాపు అద్దానికి ముక్కు ఆనించి చూసిండు. పిల్లకు ఆడ ఏం పని లేదు, కార్ల పండుకోనియ్యుండ్రి, ఒకరు కాపలా.

ఫార్గో బావ
మా వైపూ ఒకసారి చూడండి. నార్త్ డకోటాలో థియోడర్ రూజ్‌వెల్ట్ పార్కు. ఐ-94 పక్కనే పెయింటెడ్ కాన్యన్, కారు దిగితే చాలు మొత్తం కనపడుతుంది. మెడోరా దగ్గర అడవి గుర్రాలు. జనం తక్కువ. కాకపోతే మినియాపొలిస్ నుంచి దూరం ఇంకాస్త ఎక్కువే, ఈసారికి మీరు అనుకున్నదే కానివ్వండి.

చలిదేశపు అమ్మ
వెళ్ళొచ్చాం! రష్‌మోర్ వదిలేశాం. సూఫాల్స్‌లో ఆగడం మంచిదైంది, శీను గారికి థాంక్స్. మా పాప లోయ వైపు చూడనైనా లేదు. చెక్కల బాట మీద కాలు వేస్తే దబదబ చప్పుడొస్తోందని కనిపెట్టి, విండో ట్రెయిల్ ఆ చివర నుంచి ఈ చివరకి తొక్కుతూనే ఉంది. వెనక వాళ్ళ తాతయ్య. ఎల్లో మౌండ్స్ దగ్గర పసుపు, ఎరుపు మట్టి చూసి అత్తయ్యగారు కొంచెం కొంగులో వేసుకోబోయారు, పార్కులో రాయి గానీ మట్టి గానీ తియ్యకూడదని ఆపాం. విజిటర్ సెంటర్‌లో శిలాజాలు శుభ్రం చేసే గది ఉంది, అద్దంలోంచి చూడొచ్చు. ఆ సెంటర్ దగ్గరే 2010లో ఏడేళ్ళ అమ్మాయికి కత్తిపళ్ళున్న, పిల్లిలాంటి పాతకాలపు జంతువు పుర్రె కనపడిందట. ఆ కథ విన్నాక మా ఆయన నేలకేసి చూస్తూనే నడిచారు. తిరుగు దారిలో ఏడుపు ఉంది, అబద్ధం చెప్పను. మిచెల్ దగ్గర మొక్కజొన్న కంకులతో గోడలు అలంకరించిన కార్న్ ప్యాలెస్ ముందు ఆపాక సర్దుకుంది.

కొత్త నాన్న
మేం క్రిస్మస్ సెలవుల్లో అనుకుంటున్నాం. బాబుకి అప్పటికి ఏడాది. కుదురుతుందా?

సూఫాల్స్ శీను
వద్దు. మంచు తుఫానొస్తే ఐ-90 ఎగ్జిట్ల దగ్గర గేట్లు వేసేస్తారు, ఎక్కడుంటే అక్కడే ఆగిపోవాలి. చిన్న ఊళ్ళల్లో చాలా మోటెళ్ళు ఆ నెలల్లో మూసేసి ఉంటాయి. మే నెలాఖరు చూసుకోండి, గడ్డి పచ్చగా ఉంటుంది, బైసన్ దూడలు కూడా ఉంటాయి. మెమోరియల్ డే వారం అయితే వాల్‌లో రూములు ఇప్పుడే బుక్ చేసుకోండి, క్రిబ్ మీరే తెచ్చుకోండి.