ఇంగ్లీషు 'ఈజీ'ని హంగేరియన్‌లోకి దించాలంటే, దారి 'తేలిక' మీదుగా

మా అమ్మాయి హంగేరీలోని దెబ్రెత్సెన్‌లో మెడిసిన్ చదువుతోంది. పాఠాలు ఇంగ్లీషులోనే అయినా రోగులతో మాట్లాడటానికి హంగేరియన్ నేర్చుకోక తప్పదట. "ఈజీ అన్న ఒక్క మాటకి వీళ్ళ దగ్గర పది మాటలున్నాయి నాన్నా, ఎక్కడ ఏది వాడాలో తెలియట్లేదు" అని నిన్న ఫోన్లో గోల. ఆ దేశంలో ఉన్నవాళ్ళెవరైనా ఉంటే కాస్త చెప్తారా?

— నేనున్నానండీ, బుడాపెస్ట్‌లో ఏడేళ్ళ నుంచి. అమ్మాయికి నా సలహా ఒకటే. ఇంగ్లీషుని పక్కన పెట్టి తెలుగులోంచి వెళ్ళమనండి. అసలు మాట 'కొఞ్ఞూ'. (రెండు ఞ-లు గట్టిగా పలకాలి. ముందున్న 'కొ'లో అచ్చు మనకి లేదు, పెదాలు సున్నాలా చుట్టి 'ఎ' అనాలి.) బరువు లేని సంచీ కొఞ్ఞూ, సులువైన లెక్కా కొఞ్ఞూ. ఇంగ్లీషువాడికి ఇవి రెండు వేరు వేరు మాటలు. మనకి? తేలిక సంచీ, తేలిక లెక్క. అంతే!

ఇంకా ముందుకెళ్దాం. పరీక్ష అయిపోయాక మనసు తేలికపడింది అంటాం కదా, వాళ్ళు 'మెగ్‌కొఞ్ఞెబ్బుల్తెమ్' అంటారు. విడదీస్తే అందులో ఉన్నది 'ఇంకా తేలికైపోయాను' అనే. చూడటానికి రైలంత పొడుగున్నా, మన భావమే.

దీని క్రియావిశేషణాల దగ్గరే ఇంగ్లీషు దారిన వచ్చినవాళ్ళు తడబడతారు. 'కొఞ్ఞెన్', 'కొఞ్ఞెదేన్' అని రెండున్నాయి. మొదటిది తేలిగ్గా, రెండోది అలవోకగా. గాజు గ్లాసు తేలిగ్గా పగులుతుంది. అలవోకగా పగిలింది అంటే గ్లాసుకేదో నాట్యం వచ్చినట్టుంటుంది. హంగేరియన్‌లోనూ గ్లాసుకి కొఞ్ఞెన్ మాత్రమే. పియానో వాయించే అమ్మాయి వేళ్ళకి కొఞ్ఞెదేన్. అయితే ఒకచోట మన 'తేలిక' ఆగిపోతుంది. 'కొఞ్ఞెన్ లెహెత్' అంటే 'అలా అయినా అవ్వచ్చు' అని. అక్కడ 'తేలిగ్గా' అని పెడితే కుదరదు.

— తమ్ముడూ, మరి కష్టానికి? అక్కడా బరువేనా?

— బరువేనక్కా. 'నెహేజ్' అంటే బరువు, కష్టం రెండూ. నెహేజ్ పెట్టె, నెహేజ్ ప్రశ్న. ఇక్కడ మనం సగం దూరమే వాళ్ళతో నడుస్తాం. బాధ్యత భారం అవుతుంది గానీ, ప్రశ్న బరువుగా ఉందని ఏ పిల్లాడూ అనడు.

ఒక హెచ్చరిక కూడా. 'కొఞ్ఞ్' అంటే కన్నీటి చుక్క, 'కొఞ్ఞెష్' అంటే కన్నీళ్ళతో నిండినది. అర్థంలో కొఞ్ఞూకీ దీనికీ చుట్టరికం లేదు, చెవికి మాత్రం కవలపిల్లలు. నా మొదటి భాషా పరీక్ష అయ్యాక టీచరమ్మ ఎలా ఉందని అడిగితే గర్వంగా "అ విజ్గ కొఞ్ఞెష్ వోల్త్" అన్నాను. 'పరీక్ష కన్నీళ్ళమయంగా ఉంది' అని! ఆవిడ నా జవాబు పత్రం తిరగేసి చూసి, "ఆ మాటే సరైనదేమో" అంది.

— ఇంగ్లీషు 'పీస్ ఆఫ్ కేక్'కి ఏమంటారండీ? కేకు ముక్కేనా?

— కేకు ఊసే లేదు. మామూలుగా 'గ్యెరెక్‌యాతేక్', పిల్లలాట. నాకిష్టమైనది 'పొఫొనెత్సెరూ'. పొఫొన్ అంటే చెంపదెబ్బ, ఎత్సెరూ అంటే సరళం. చెంపదెబ్బంత సరళం! ఆలోచిస్తే నిజమే, అర్థం కాకపోవడమంటూ ఉండదు. కుర్రకారు మాత్రం 'షిమాన్' అనేసి ఊరుకుంటారు. నున్నగా అని. మన 'సాఫీగా' చేసే పనే అది.

ఇక ఎవరికైనా ఒక విద్య వెన్నతో పెట్టినట్టు వస్తే, ఆ పనిని 'చిటికెన వేలిలోంచి దులిపేస్తాడు' అంటారు. కిరాజ్జ అ కిషుయ్యాబోల్. మనకి చిటికెన వేలు అనగానే గోవర్ధనగిరి ఎత్తిన కృష్ణుడే గుర్తొస్తాడు. మనం అవలీలగా పైకెత్తితే, వాళ్ళు దులిపి కింద పోస్తారు. నల్లేరు మీద బండి నడకకి దగ్గరగా వచ్చేది 'కరికచపాష్‌లా సాగుతోంది' అన్నది. కరిక అంటే వలయం, చపాష్ అంటే దెబ్బ.

— 'టేకిట్ ఈజీ' మర్చిపోయారు. మా అమ్మాయికి అదే ముఖ్యం, ఊరికే కంగారు పడుతుంది.

— దాన్ని మాటకి మాట దించితే ఎబ్బెట్టుగా ఉంటుందండీ, మన 'తేలిగ్గా తీసుకో' లాగే. హంగేరియన్లు 'ఞుగి' అంటారు, ప్రశాంతత అన్న మాటని తుంచి చేసిన ముద్దుపేరు. మన 'ఏం కాదులే'. తొందరపడేవాళ్ళని ఆపడానికి 'లష్షన్ అ తెష్టెల్!', అక్షరాలా 'ఒంటితో మెల్లగా!'. నిన్న ట్రాములో తలుపు తెరవకముందే తోసుకొస్తున్న కుర్రాణ్ణి ఒక ముసలాయన ఇదే మాటతో ఆపాడు. సైన్యంలో 'ఎట్ ఈజ్' మళ్ళీ వేరు. 'పిహెఞ్!' అని అరుస్తారు, విశ్రాంతి తీసుకో అని. మన ఎన్‌సీసీ 'విశ్రామ్' గుర్తొచ్చిందా?

— ఏ పనీ లేకుండా సుఖంగా బతికేవాణ్ణి ఏమంటారో కూడా చెప్పేయండి, మా ఇంట్లో ఒకడున్నాడు.

— 'హెవెష్‌లో మర్త్సిలా బతుకుతున్నాడు' అంటారు. హెవెష్ ఒక ఊరు, మర్త్సి మనిషి పేరు. ఎవరా మర్త్సి అని మా ఆఫీసులో అడిగితే నలుగురు నాలుగు కథలు చెప్పారు, ఐదో ఆయన "ఎవడైతేనేం, హాయిగా ఉన్నాడు" అని కాఫీకి వెళ్ళిపోయాడు. మన 'కాలు మీద కాలేసుకుని' అన్నదానికి ఒక పేరూ ఊరూ కూడా ఉన్నాయన్నమాట. మీవాడిది ఏ ఊరండీ?