కవలలకి రెండు వారాలకోసారి స్కాన్ రాశారు, సెంటర్‌లో డేట్ ఇవ్వట్లేదు. ఏం చేయాలి?

ఇద్దరికోసం:
నమస్తే అండి. పొద్దుటి నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను, ఇంక ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. మా ఆవిడకి కవలలు. డాక్టరుగారు రెండు వారాలకోసారి స్కాన్ చేయించమని రాశారు. స్కాన్ సెంటర్‌కి ఫోన్ చేసి ట్విన్స్ అనగానే 'ట్విన్స్ స్లాట్లు ఈ నెలంతా నిండిపోయాయి' అంటారు. అంతకుముందు ఒక డేట్ ఇచ్చారు, తీరా వెళ్ళాక 'ఇది ఒక బేబీకి సరిపడే టైమ్‌లో బుక్ అయింది, ఇద్దరినీ చూడటం కుదరదు' అని వెనక్కి పంపేశారు. బుక్ చేసింది వాళ్ళే, ట్విన్స్ అని మేము చెప్పాం కూడా! డాక్టరుగారి దగ్గర అడిగితే సెంటర్‌తో మాట్లాడుకోమంటారు, సెంటర్ వాళ్ళు డాక్టర్‌తో చెప్పించమంటారు. కొంచెం ఆలస్యమైతే ఏమన్నా అవుతుందా? త్వరగా డేట్ దొరికే దారి ఏదైనా ఉంటే చెప్పండి. ఆవిడ ముందు టెన్షన్ దాచుకోవడం నావల్ల కావట్లేదు.

పాతకాపు:
ఎన్ని వారాలు? మావి ఒకటా రెండా? అవి చెప్పకుండా అడిగితే జవాబు లేదు.

వెన్నెల_తీరం:
కంగారు పడకు తమ్ముడూ. మాకూ కవలలే. మాకు గ్రోత్ స్కాన్ నాలుగు వారాలకోసారే చేశారు, మధ్యలో ఒకసారి మేము ఊరెళ్ళి ఇంకో వారం లేటైంది, ఏం కాలేదు. పిల్లలిద్దరూ బాగున్నారు. ఆవిడని సరిగ్గా తిననివ్వు, పడుకోనివ్వు, డేట్ అదే దొరుకుతుంది.

పాతకాపు:
మీ ఇద్దరు పిల్లలకీ వేరువేరు మావి అయ్యుండొచ్చు. అతనిది అదే అని మీకెలా తెలుసు?

అన్నీ_రాసిపెట్టు:
సోదరా, డేట్ సంగతి తర్వాత, ముందు మీ ఫైలు సరిగ్గా ఉందా? ఇది చాలామంది పట్టించుకోరు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. కవలల విషయంలో ప్రతి రిపోర్టులోనూ ఏ బిడ్డ ఏ బిడ్డో ఒకేలా రాసి ఉండాలి. ఒక రిపోర్టులో ఎడమవైపు ఉన్న బిడ్డని 'ట్విన్ ఎ' అని, ఇంకోచోట కుడివైపు బిడ్డని 'ట్విన్ ఎ' అని రాశారనుకోండి, బరువుల గీత మొత్తం తారుమారు అవుతుంది. బాగా ఎదుగుతున్న బిడ్డ ఆగిపోయినట్టు, ఆగిపోయిన బిడ్డ పుంజుకున్నట్టు కనపడుతుంది. అందుకే ఉత్త 'ఎ', 'బి' చాలదు, ఎడమా కుడా, పైనా కిందా, మావి ముందుగోడకి ఉందా వెనకగోడకి ఉందా, బొడ్డుతాడు మావిలో ఎక్కడ కలుస్తుంది, ఇవన్నీ రాయించుకోవాలి. వీలైనంతవరకు ఒకే చోట చేయించుకుంటే ఈ గొడవ తగ్గుతుంది. పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టి, పై పేజీ మీద గర్భం వారాలు, చివరి స్కాన్ తేదీ, తర్వాతి స్కాన్ తేదీ పెద్ద అక్షరాల్లో రాయండి. మేము అలాగే చేశాం, డ్యూటీలో ఎవరున్నా మొదటినుంచి కథంతా చెప్పాల్సిన పని తప్పింది.

ప్రకృతి_బాట:
రెండు వారాలకోసారి స్కానా? ఇదే నాకు అర్థం కాదు. ఇన్నిసార్లు రేడియేషన్ పడితే కడుపులో పసివాళ్ళు ఏమైపోవాలి? సెంటర్ వాళ్ళు డేట్ ఇవ్వకపోవడమే మంచిదయింది అనుకోండి. అవసరం ఉన్నా లేకపోయినా స్కాన్ రాయడం ఈ రోజుల్లో అలవాటైపోయింది. మన అమ్మలు ఎన్ని స్కాన్లు చేయించుకున్నారు?

స్కాన్‌రూమ్‌లో:
అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ ఉండదండి, అది ఎక్స్‌రేలో, సీటీలో ఉండేది. ఇది మన చెవికి వినపడని శబ్ద తరంగం. సరదాకి, ఫొటోల కోసం పదేపదే చేయించుకోవద్దని మేమూ చెప్తాం, అవసరమైనంత తక్కువ పవర్‌తో, తక్కువసేపు చూడాలన్నది మా పనిలో నియమం. కానీ డాక్టర్ కారణం ఉండి రాసిన స్కాన్ మానుకోమని ఎవరికీ చెప్పకండి దయచేసి. ఇద్దరికోసం గారూ, పాతకాపు గారు అడిగినదానికి జవాబు ఇవ్వండి, దాన్నిబట్టే అంతా ఉంటుంది.

ఇద్దరికోసం:
ఐదో నెల నడుస్తోంది అండి. మావి సంగతి నాకు తెలియదు, రిపోర్టులో ఏదో ఇంగ్లీషులో ఉంది. ఇవన్నీ డాక్టరుగారికి తెలుసు కదా, నాకు కావాల్సింది డేట్.

పాతకాపు:
నెలలు వద్దు. వారాలు చెప్పండి.

వెన్నెల_తీరం:
అలా కసురుతారేంటి? ఇంట్లో అందరం నెలల్లోనే చెప్పుకుంటాం. ఐదో నెల అంటే అందరికీ తెలిసేదే.

అన్నీ_రాసిపెట్టు:
తెలియదండి, గొడవంతా అక్కడే వస్తుంది. నెల నిండాక లెక్కపెట్టేవాళ్ళు ఉన్నారు, నెల పడగానే లెక్కపెట్టేవాళ్ళు ఉన్నారు. ఒకరి ఐదో నెల 17 వారాల దగ్గర మొదలైతే ఇంకొకరిది 21 వారాల్లో ఉంటుంది. కొన్ని స్కాన్లకి గడువు రోజులతో సహా ఉంటుంది, ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటిపొరని కొలిచేది) 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపే చేయాలి. ఫోన్‌లో 'ఐదో నెల' అంటే అవతల కూర్చున్నవాళ్ళు టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ వివరంగా చూసేది) అనుకుని దానికి తగ్గ డేట్ వెతుకుతారు.

వెన్నెల_తీరం:
ఫోన్‌లో ఏం చెప్పాలో అది వేరు. ఇక్కడ మనిషి బాధలో ఉండి రాశాడు, కాస్త నెమ్మదిగా అడగొచ్చు అంటున్నా, అంతే.

ఇద్దరికోసం:
రిపోర్ట్ తీసి చూశాను. ఈరోజుకి 17 వారాల 3 రోజులు. మొదటి మూడు నెలల్లో చేసిన స్కాన్‌లో 'ఎంసీడీఏ ట్విన్స్, టీ సైన్ ఉంది' అని రాశారు. 16వ వారంలో చేయించమన్నారు, మమ్మల్ని వెనక్కి పంపింది ఆ స్కాన్‌కే. ఇప్పుడు సెంటర్ వాళ్ళు '20వ వారంలో టిఫా ఎలాగూ ఉంది, అప్పుడు అన్నీ కలిపి చూస్తారు' అంటున్నారు. సరే అనేద్దామా?

పాతకాపు:
వద్దు. 20 దాకా ఆగొద్దు.

జంటతల్లి:
తమ్ముడూ, నాదీ ఎంసీడీఏనే, అందుకే రాస్తున్నా. వెన్నెల గారు చెప్పిన నాలుగు వారాలు ఇద్దరికీ వేరువేరు మావి ఉన్నవాళ్ళకి. మనది ఒకే మావి, రెండు ఉమ్మనీటి సంచులు. ఒకే మావిలో ఇద్దరి రక్తనాళాలూ లోపల కలిసి ఉంటాయి. కొందరిలో ఆ దారుల గుండా ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకి రక్తం ఎక్కువగా వెళ్ళిపోవడం మొదలవుతుంది. దాన్నే టీటీటీఎస్ అంటారు, ఒకే మావి ఉన్న కవలల్లో నూటికి 10 నుంచి 15 మందికి వస్తుందని మా డాక్టరమ్మ చెప్పారు. ఎక్కువగా 16 నుంచి 26 వారాల మధ్యే. ఇచ్చే బిడ్డకి నీరు తగ్గిపోతుంది, పుచ్చుకునే బిడ్డకి నీరు పెరిగిపోతుంది. మొదట్లో తల్లికి ఏమీ తెలియదు, అదే భయం. తొందరగా పట్టుకుంటే ఆ కలిసిన నాళాలని లేజర్‌తో మూసేసే చికిత్స ఉంది, ఆలస్యమైతే ఇద్దరికీ ప్రమాదం. అందుకే 16 నుంచి రెండు వారాలకోసారి అని రాస్తారు. మీ డాక్టరు రాసింది సరిగ్గా రాశారు.

ఇది చదివి హడలిపోకు. నూటికి 85 మందికి పైగా ఇది రాదు. మాకు రాలేదు. కానీ రాలేదని తెలిసింది ఆ స్కాన్ల వల్లే కదా. నేను ప్రతి రెండో వారం ఆ గదిలో పడుకుని ఇద్దరి గుండెలూ వినేదాకా ఊపిరి బిగబట్టుకునేదాన్ని. ఆవిడ దగ్గర నువ్వు దాచినా ఆవిడకి తెలుస్తూనే ఉంటుంది, దాచకు, ఇద్దరూ కలిసి ఫోన్ చేయండి.

వెన్నెల_తీరం:
ఓ, ఒకే మావి అని నాకు తెలియదు. అయితే మీకు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే పిల్లలన్నమాట! మాకు రెండు మావులు కాబట్టి వేరువేరు పోలికలు.

పాతకాపు:
రెండు మావులున్నా ఒకే అండం నుంచి వచ్చినవాళ్ళు కావచ్చు.

వెన్నెల_తీరం:
మాకు స్కాన్ చేసినావిడే చెప్పింది, ఒకే మావి అయితే ఐడెంటికల్, రెండయితే కాదు అని.

స్కాన్‌రూమ్‌లో:
మొదటి సగం నిజం, రెండోది కాదండి. ఒకే మావి పంచుకున్నారంటే ఒకే అండం నుంచి వచ్చినవాళ్ళే. కానీ అండం మొదటి మూడు రోజుల్లోనే విడిపోతే ఎవరి మావి వాళ్ళకి ఏర్పడుతుంది, ఐడెంటికల్ కవలల్లో దాదాపు మూడోవంతు అలాంటివాళ్ళే. రెండు మావులు పక్కపక్కన పెరిగి అతుక్కుపోయి ఒకటే అన్నట్టు కనపడటం కూడా ఉంది. అందుకే మావి ఎన్ని అని లెక్కపెట్టి ఊరుకోం, సంచుల మధ్య పొర మావిని తాకే చోటు చూస్తాం. అక్కడ ముక్కోణంలా మందంగా ఉంటే అది లాంబ్డా, వేరువేరు. పల్చటి పొర నిటారుగా టీ అక్షరంలా దిగితే ఒకటే. 14 వారాల లోపు ఇది బాగా తెలుస్తుంది, తర్వాత తర్వాత కష్టం. వీళ్ళకి ఆ గడువులోనే చూసి రాశారు, అదొక మంచి పని జరిగింది.

ఇక అసలు సంగతి. సెంటర్ వాళ్ళు మిమ్మల్ని ఎందుకు తిప్పుతున్నారో నేను చెప్పగలను, రోజూ చూస్తాను కాబట్టి. బుకింగ్ కౌంటర్‌లో ఉన్నవాళ్ళకి 'ట్విన్స్' అనే మాట వినపడగానే టిఫాకి ఇచ్చేలాంటి పెద్ద స్లాట్ వెతుకుతారు. ఇద్దరు బిడ్డల్నీ తల నుంచి కాలి వేళ్ళ దాకా చూడటానికి గంట పట్టొచ్చు, అలాంటి స్లాట్లు రోజుకి కొన్నే ఉంటాయి, అవి ముందే నిండిపోతాయి. మీకు ఇప్పుడు కావాల్సింది ఆ స్కాన్ కాదు. ఎంసీడీఏ ఫాలో-అప్‌లో చూసేది కొద్దిగానే: ఇద్దరి సంచుల్లోనూ నీటి లోతు, ఇద్దరి మూత్రాశయాలూ నిండుతున్నాయా, అవసరమైతే డాప్లర్ (రక్తం ఎలా ప్రవహిస్తోందో చూడటం), కొలతలు. ఒకరి వైపు లోతు 2 సెంటీమీటర్ల లోపుకి పడిపోయి ఇంకొకరి వైపు 8 దాటితే అప్పుడు కథ మారుతుంది. పిల్లలు కదలకుండా సహకరిస్తే పెద్ద స్లాట్ అక్కర్లేకుండానే అయిపోతుంది. మామూలు స్లాట్లు రెండు పక్కపక్కన ఇచ్చినా చాలు.

కాబట్టి డాక్టరుగారి దగ్గర లెటర్ మార్చి రాయించండి. 'కవలలు, స్కాన్ చేయండి' అని ఉంటే ఎవరూ పట్టించుకోరు. ఎంసీడీఏ, ఈ తేదీకి ఇన్ని వారాలు, టీటీటీఎస్ కోసం ఫాలో-అప్, ఫలానా తేదీ లోపు తప్పనిసరి, అని ఉండాలి. అది చూపించి రిసెప్షన్‌లో కాదు, లోపల స్కాన్ చేసే డాక్టర్‌కి ఇవ్వమని అడగండి. అక్కడా కాదంటే మీ డాక్టరుగారే వాళ్ళతో నేరుగా మాట్లాడాలి, అది ఆవిడ బాధ్యతే, మొహమాటపడకండి. ఈ ఒక్క డేట్ తీసుకుని ఊరుకోవద్దు, 34, 36 వారాల దాకా వరసగా అన్ని డేట్లూ ఇప్పుడే వేయించుకోండి, లేకపోతే ప్రతిసారీ ఇదే యుద్ధం. దగ్గర్లో ఫీటల్ మెడిసిన్ (కడుపులోని బిడ్డల వైద్యం) విభాగం ఉన్న ఆసుపత్రి ఉంటే అక్కడ ఇలాంటివాళ్ళకి విడిగా రోజులుంటాయి, అదీ అడగండి.

అన్నీ_రాసిపెట్టు:
రద్దయిన స్లాట్ల కోసం పేరు రాయించుకోవడం మర్చిపోకండి. పొద్దున్నే కౌంటర్ తెరిచే వేళకి అడిగితే దొరుకుతాయి.

ప్రకృతి_బాట:
శబ్ద తరంగమే కావచ్చు. అయినా రెండు వారాల్లో బిడ్డ ఎంత పెరుగుతుందని? కొలతల్లో తేడా మిషన్ తప్పా బిడ్డ తప్పా అని ఎలా తెలుస్తుంది?

స్కాన్‌రూమ్‌లో:
బరువు విషయంలో మీ ప్రశ్న సరైనదే. రెండు వారాల కంటే దగ్గర దగ్గరగా బరువు కొలిస్తే కొలతలోని తేడానే ఎక్కువ ఉంటుంది, అందుకే అంతకన్నా తరచుగా బరువు లెక్కకట్టం. కానీ ఉమ్మనీరు అలా కాదు, కొద్ది రోజుల్లోనే మారిపోగలదు. ఈ స్కాన్ ముఖ్యంగా దానికోసం.

ప్రకృతి_బాట:
సరే, వీళ్ళది వేరే విషయం అని ఒప్పుకుంటాను. కానీ అందరికీ ఇన్ని స్కాన్లు రాస్తున్నారు, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

జంటతల్లి:
అందరి సంగతీ ఇంకోచోట మాట్లాడుకుందాం అండి. తమ్ముడూ, ఒక్క మాట. డేట్ వచ్చేలోపు ఆవిడ పొట్ట ఉన్నట్టుండి బిగుసుకుపోయి పెద్దదైనట్టు అనిపించినా, ఊపిరి ఆడకపోయినా, నొప్పులు, నీరు పోవడం, రక్తం కనపడటం, ఏది ఉన్నా అపాయింట్‌మెంట్ అనే మాటే ఎత్తకుండా నేరుగా ప్రసూతి విభాగానికి వెళ్ళిపోండి. పగలా రాత్రా చూడొద్దు.

ఇద్దరికోసం:
అలాంటివేమీ లేవు అండి, ఆవిడ బాగానే ఉంది. లెటర్ కోసం వెళ్తున్నా.

వెన్నెల_తీరం:
ఏమైందో చెప్పు తమ్ముడూ. నేను నాలుగు వారాలు అన్నమాట పట్టించుకోకు.

పాతకాపు:
మూడు వారాల్లో టిఫా ఉంది. దానికి పెద్ద స్లాట్ కూడా ఇవాళే అడగండి, రెండూ వేరు.

ఇద్దరికోసం:
లెటర్ స్కాన్‌రూమ్‌లో గారు చెప్పినట్టే రాయించాను. లోపలి డాక్టరుగారు చూసి రేపు మధ్యాహ్నం రమ్మన్నారు. మిగతా డేట్లు ఇంకా వేయలేదు, రేపు అడుగుతా. థ్యాంక్స్ అండి అందరికీ.

జంటతల్లి:
మంచిది. నీటి లోతు ఇద్దరికీ ఎంతెంత రాశారో అడిగి తెలుసుకో.

కొత్తగా_చేరాను:
నాది డీసీడీఏ (రెండు మావులు, రెండు సంచులు), 24 వారాలు. నాకు ఆరు వారాల తర్వాత డేట్ ఇచ్చారు, ఇది కూడా ఎక్కువేనా?

పాతకాపు:
ఎక్కువే. నాలుగు వారాలకి మార్పించండి.

అన్నీ_రాసిపెట్టు:
ఆఖరి రిపోర్టులో ఇద్దరి బరువుల మధ్య తేడా ఎంత శాతం ఉందో రాయండి. 20, 25 శాతం దాటితే నాలుగు వారాలు కూడా ఆగకూడదు. ఎడమ కుడి కూడా రాసి ఉందో లేదో చూడండి.

కొత్తగా_చేరాను:
శాతం ఎక్కడ రాస్తారండి? బరువులు మాత్రం గ్రాముల్లో ఉన్నాయి.