న్యాపతి సుబ్బారావు పంతులు శాసనమండలి ప్రసంగాలు ఎక్కడ దొరుకుతాయి?

రాజమండ్రి వకీలు న్యాపతి సుబ్బారావు పంతులు గారి (1856–1941) మీద వ్యాసం రాస్తున్నాను. 1878లో 'ది హిందూ' పత్రిక పెట్టిన ఆరుగురిలో ఈయన ఒకరన్న సంగతి అన్నిచోట్లా ఉంది. నాకు కావలసింది అది కాదు, 1890ల్లో మద్రాసు శాసనమండలి సభ్యుడిగా ఆయన మాట్లాడిన మాటలు.

మూడు వారాలుగా ఆన్‌లైన్‌లో వెతుకుతున్నాను. 'సుబ్బారావు', 'సుబ్బా రౌ', 'ఎన్. సుబ్బారావు పంతులు' అని ఇంగ్లీషు స్పెల్లింగులు మార్చి మార్చి కొట్టాను. దొరికినవన్నీ 1900 తర్వాతి సంపుటాలే. మా ఊరి లైబ్రరీలో అడిగితే పాతవి చెదలు తినేశాయన్నారు (నిజమే అయ్యుండొచ్చు). చెన్నై వెళ్లాలంటే సెలవు పెట్టాలి, ఉందో లేదో తెలియకుండా వెళ్లడం టెన్షన్.

1893–1899 మధ్య మద్రాసు శాసనమండలి చర్చల సంపుటాలను మీలో ఎవరైనా స్వయంగా ఎక్కడ చూశారు?